చదరపు మూత

కోమల ఇంట్లో పేరు లేని గిన్నె లేదు. పెళ్లినాటి ఇత్తడి బిందె మొదలు మొన్న సంతలో కొన్న టీ జాలి దాకా అన్నింటి మీదా చుక్కలు చుక్కలుగా 'కోమల' అని కొట్టి ఉంటుంది. గిన్నెల మీద పేర్లు కొట్టే హనుమండ్లు సైకిల్ గంట వాడ మొదట్లో వినబడితే చాలు, అటక మీది సామాను కూడా కిందికి దిగేది. "పేరు కొట్టిచ్చిన సామాను కాశికి పోయినా ఇంటికొస్తది" అనేది ఆమె సిద్ధాంతం. సిద్దిరాములు దుబాయికి బయల్దేరిన రోజున, "నా నెత్తి మీద గూడ కొట్టియ్యరాదు, మర్లొస్త" అని పెళ్లాన్ని ఆటపట్టించాడు. కోమల అతని నెత్తి వంక ఒక్క క్షణం ఆలోచనగానే చూసింది.

ఆ సిద్ధాంతానికి లొంగని వస్తువు లోకంలో ఒక్కటే. స్నానాల నీళ్ల కాగు మీద ఉండాల్సిన ఇత్తడి మూత.

దాని కథ చెప్పాలంటే పాత ఊరు దాకా వెళ్లాలి. రేకులపల్లె ఒకప్పుడు లక్సెట్టిపేట అవతల గోదావరి ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు కట్టాక నీళ్లలో మునిగిపోయింది. మునగక ముందే జనం తలుపులు, దూలాలు, కిటికీ చువ్వలు ఊడదీసుకుని మిట్ట మీది కాలనీకి వచ్చేశారు. అప్పుడే కోమల అత్త బుచ్చవ్వ ఒక బరువైన ఇత్తడి రేకును చంకన పెట్టుకుని వచ్చింది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. ఒకవైపు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు మూలలా నాలుగు చిల్లులు. "మా అవ్వగారింటిది" అని పుట్టింటి సొమ్ముగా చెప్పి కాగు మీద పెట్టింది. కాగు మూతి గుండ్రం, మూత చదరం. అయినా ఏం కుదిరిందని! చిల్లుల్లోంచి ఆవిరి బుస్సుమంటే నీళ్లు కాగాయని వంటింట్లోకే తెలిసేది.

కోమల దాన్ని చింతపండుతో తోమి తోమి బంగారం చేసింది. నున్నగా ఉన్న వెనుకవైపు తన పేరు కొట్టించింది. గొడవ అక్కడే మొదలైంది.

"ఉమ్మడి సామానుకు నీ ఒక్కదాని పేరేందక్కా?" అంది తోడికోడలు రోజారాణి.

"తోమింది ఎవలు?"

"నీళ్లు కాగవెట్టింది ఎవలు?"

మాట మాట పెరిగి ఆరు నెలల్లో రెండు పొయ్యిలయ్యాయి. వేరుపడ్డ రోజున వాకిట్లో ఇద్దరూ మూతను చెరో అంచూ పట్టుకుని గుంజారు. తెల్లారేసరికి మూత మాయమైంది. రోజారాణే దాచిందని కోమల, కోమలే దాచి దొంగ ఏడుపు ఏడుస్తోందని రోజారాణి. ఇద్దరి ఇళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు ఇటు అటు పద్నాలుగేళ్లుగా మాటల్లేవు. చెప్పి తీరాల్సినవి కోడితోనో, మేకతోనో, నెలకొక ఇంట్లో తినే బుచ్చవ్వతోనో పైకి అనేవాళ్లు.

మూత కోసం కోమల వెతకని చోటు లేదు. ఎవరింట్లో పెళ్లయినా ముందు వాళ్ల కాగు చూసి, తర్వాతే పెళ్లికూతుర్ని చూసేది.

ఆగస్టు మొదటివారంలో ఒక ముసురు పొద్దున, రిటైరైన డ్రిల్లు మాస్టారు సదానందం తువ్వాలులో ఏదో చుట్టుకుని కోమల వాకిట్లోకి వచ్చాడు. ఎనభై దగ్గరపడ్డా నడకలో ఇంకా లెఫ్ట్ రైట్ ఉంది.

"కోమలా, జర ఇటు రా. ఒకటి చూపిస్త."

తువ్వాలు విప్పాడు. కోమల ముందుకు వంగింది. చదరం. నాలుగు చిల్లులు. తన మూత!

"మెట్‌పల్లిల ఇత్తడి దుకాణానికి పోయిన, గంట కొందామని. తుక్కు కుప్పల ఇది కనవడ్డది. సదివిన. ఒళ్లు జలదరించింది" అన్నాడు సదానందం. వేలితో అక్షరాలు తడుముతూ తెలుగులో చెప్పాడు. "రేకులపల్లె. ఈ గ్రామం నుంచి ఏడుగురు మనుషులు మహాయుద్ధానికి పోయిండ్రు. 1914 నుంచి 1919. అండ్ల ఇద్దరు పానాలిచ్చిండ్రు."

"యుద్ధమా?"

"మరేందనుకున్నవ్! పాతూరి చావడి గోడకుండేదని మా బాపు చెప్పేటోడు. సున్నం మీద సున్నం ఏసి ఏసి దాన్ని కప్పెట్టిండ్రు. ఏడుగురు ఇరాకుల బస్రాకు పోయిండ్రు కోమలా. గల్ఫుకు పోవుడు నీ మొగనితోనే షురువైందనుకున్నవా?"

దుబాయి నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చి, ఇప్పుడు గడపలో కూర్చున్న సిద్దిరాములు, "గప్పుడు గూడ ఏజెంటు మోసం జేసిండా సార్?" అని అడిగాడు.

సదానందం పట్టించుకోలేదు. జేబులోంచి నోటుబుక్కు తీశాడు. "పంద్రాగస్టు నాడు పంచాయతి ఆఫీసు గోడకు బిగిస్తున్నం. జెండా కింద దీని చరిత్ర నేను సదువాలె. చావడి గోడకున్నదాన్ని ఎవలు ఊడవీకిండ్రు, ఎవలింట్ల ఉండె, మెట్‌పల్లికి ఎట్ల వోయింది... అన్ని పేర్లతోని." రేకును మెల్లగా వెనక్కి తిప్పాడు. "గిది మాత్రం దొరికింది."

చుక్కలు చుక్కలుగా 'కోమల'.

పద్నాలుగేళ్లుగా ఆమె ఎదురుచూసిన వస్తువు కాశీకి పోయి వచ్చినట్టు ఎదురుగా ఉంది. చేతులు చాస్తే తనదే. కానీ తనదంటే, చావడి గోడ మీది యుద్ధం రేకును ఊడపీకి స్నానాల నీళ్ల మీద మూతేసిన మనిషి తనే అవుతుంది. పంద్రాగస్టు నాడు, బడిపిల్లలూ సర్పంచీ వరసగా నిలబడి ఉండగా, మైకులో.

"దేశంల కోమల నేనొక్కదాన్నేనా సార్?" అంది కోమల.

"మన ఊర్ల ముగ్గురున్నరు. ఒకామె మొన్న ఎండకాలంల కోడలై వచ్చింది. ఒకామె అంగన్‌వాడిల పాలు తాగుతున్నది."

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న రోజారాణి కోడికి గింజలు చల్లుతున్నట్టు వంగింది. "ఓ కోడీ! సార్‌కు జర చెప్పరాదే. ఇంగ్లీషు అచ్చరాలుంటయి, నాలుగు తూట్లుంటయి, ఎనుక నా పేరుంటది అని పద్నాలుగేండ్ల సంది ఇంటింటికి తిరిగి చెప్పిందెవలో!"

నిజమే. ఊళ్లో ఆ మూత ఆనవాళ్లు తెలియని మనిషి లేడు. దొరకాలని తను చెప్పుకున్న ప్రతి గుర్తూ ఇప్పుడు తన మీదికే వేలు చూపిస్తోంది.

"రేపు పొద్దుగాల దాక ఆలోచించి చెప్పు. నేను అవద్దం రాయ" అని సదానందం రేకును మళ్లీ చుట్టుకుని లెఫ్ట్ రైట్ కొట్టుకుంటూ పోయాడు.

"ఇంకేంది, పేరు కొట్టిచ్చిన సామాను ఇంటికొచ్చె గద" అన్నాడు సిద్దిరాములు. కోమల చూసిన చూపుకు లేచి పొలం దారి పట్టాడు.

ఆ రేకు ఇంటికెలా వచ్చిందో చెప్పగలిగింది బుచ్చవ్వ ఒక్కతే. బుచ్చవ్వకు ఈ నెల వంతు రోజారాణి ఇంట్లో. మధ్యాహ్నం దాకా కోమల ఇల్లంతా తిరిగింది. చివరికి నాలుగు బియ్యప్పిండి సర్వప్పలు కాల్చి, ఒక గిన్నెలో పెట్టుకుని, గోడ చుట్టూ నడిచి వెళ్లింది. ఆ గిన్నె మీదా పేరుంది. ఏమయినా గిన్నె తిరిగి రావాలి కదా.

రోజారాణి గడపలోనే నిలబడింది. గిన్నె వంకా, దాని మీది పేరు వంకా చూసింది. దారి ఇచ్చింది కానీ రమ్మనలేదు. లోపల బుచ్చవ్వ మంచం మీద కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటోంది. పక్కన ఇంకో గిన్నెలో వేయించిన చేప ముక్కలు. పోయిన నెల కోమల ఇంట్లో ఆమెకు నాటుకోడి కూర నడిచింది.

"అత్తమ్మా, ఆ మూత మీ అవ్వగారింటిదేనా?"

బుచ్చవ్వ ముల్లు తీసి పక్కన పెట్టింది. "కాదు."

"మరి?"

"చావడిది. నేనే తీసిన. కొడవలి కొనతోని గోకితే సీలలు ఊడినయి."

రోజారాణి గడప వదిలి లోపలికొచ్చింది.

"ఎందుకు తీసినవ్?" ఈసారి కోమల, రోజారాణి ఇద్దరూ ఒకేసారి అడిగారు. అడిగి ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వెంటనే తల తిప్పుకున్నారు.

"మా అత్త పెద్దలకు పెట్టే పెత్తరమాస నాడు ఆ గోడ కింద ఒక ఇస్తారి పెట్టేది" అంది బుచ్చవ్వ. "ఎందుకత్తా అంటె, నా మామ, నా మొగని నాయన, లడాయికి పోయి రాలేదు, ఆయన గుర్తు ఆ సున్నం కిందున్నది అనేది. ఊరు మునుగుతుంటె మొగోళ్లు తలుపులు మోసుకవోయిండ్రు, కట్టెలు మోసుకవోయిండ్రు. గోడ దిక్కు ఎవ్వడు సూడలే. ఆయన ఒక్కపారి దూరదేశంల పోయె. మల్ల నీళ్లల్ల గూడ పోవాల్నా?"

రోజారాణి మంచం దాకా వచ్చింది.

"గంత పెద్దమనిషిని కాగు మీద మూతేసినవా?" అంది రోజారాణి.

"పనికొచ్చేదైతె మీరు పారెయ్యరని. పటం లెక్క గోడకు పెడితె ఇదేంది, అదేందని ఊరంత అడుగుతరు గద."

"మరి మాయం జేసిందెవలు?" కోమల గొంతు లేచింది.

"నేనే."

"నువ్వా!"

"మీరిద్దరు చెరో దిక్కు పట్టి గుంజుతుంటె మా అత్తోళ్ల మామ నడుమల రెండు ముక్కలైతడని భయమైంది. తెల్లారి మెట్‌పల్లి బస్సెక్కి మా చెల్లె ఇంట్ల పెట్టొచ్చిన. కోడండ్లు సల్లవడ్డంక తెచ్చుకుంట అన్న. మీరు సల్లవడ్డరా? పద్నాలుగేండ్లు! గా చెల్లె పోయిన ఏడు సచ్చిపాయె. దాని కొడుకులు పాత సామానంత దుకాణపోనికి ఏసినట్టున్నరు."

"ఒక్క మాట చెప్తే ఏమైతుండె? నేను దొంగనని ఊరంతా అనిపిచ్చినవ్!" అంది రోజారాణి.

"నేను దొంగ ఏడుపు ఏడ్చిన్ననిపిచ్చినవ్!" అంది కోమల.

బుచ్చవ్వ నింపాదిగా ఇంకో చేప ముక్క అందుకుంది. "చెప్తె ఇద్దరు కలిసి నన్ను తిడుదురు. చెప్పకుంటె మీరిద్దరు తిట్టుకుంటరు. నాకేది మంచిగ? ఆమె ఇంట్ల కోడి పెట్టిందంటె ఈమె చేపలు తెచ్చె. ఈమె గారెలు చేసిందంటె ఆమె పూరీలు చేసె. పద్నాలుగేండ్లు నాకు పెండ్లిబువ్వే నడిచింది."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. తర్వాత ఆ విషయం మీద కూడా కొంత వాదన జరిగింది. మొత్తానికి గిన్నెలోని సర్వప్పలు ముగ్గురూ తినేశారు.

మరునాడు పొద్దున తోడికోడళ్లిద్దరూ కలిసి సదానందం ఇంటికి బయల్దేరారు. వాడలో జనం చెంబులు పట్టుకుని బయటికొచ్చి చూశారు. కోమల జరిగింది జరిగినట్టు చెప్పింది. సదానందం రాసుకున్నాడు. పెత్తరమాస మాట దగ్గర కలం ఆపి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ రాశాడు.

"మంచిదే. అయితే పద్ధతి పద్ధతే. చావడి సొమ్ము అడుగకుంట తీసినందుకు బుచ్చవ్వ పేరు, మూతేసుకున్నందుకు నీ పేరు సదువాల్సొస్తది."

"సదువుండ్రి సార్. నా పేరే గద, చుక్కలతోని కొట్టిచ్చుకున్ననాయె" అంది కోమల.

రోజారాణి మాత్రం సదానందం ఇంటి దర్వాజా వంక చూస్తూ నిలబడింది. నల్లటి టేకు తలుపు, ఇత్తడి పువ్వులు, మనిషంత గొళ్లెం.

"తలుపు మస్తున్నది సార్. నేను కొత్త కోడలుగున్నప్పుడు ఎక్కడనో చూసిన. చావడిల ఉత్తరాల కోసం పోయినప్పుడు గిదే గొళ్లెం చప్పుడు చేసేది."

సదానందం దగ్గాడు.

"ముంపుల పోకుంట కాపాడుదామని తెచ్చిన" అన్నాడు.

"మేం గూడ గంతే సార్" అన్నారు ఇద్దరూ.

నోటుబుక్కులో ఒక పేజీ చిరిగిన చప్పుడైంది. పంద్రాగస్టు నాడు మైకులో వినబడింది ఇది: "ముంపు సమయంలో గ్రామ ప్రజలు చావడి ఆస్తులను తమ తమ ఇళ్లలో భద్రంగా దాచి కాపాడారు." ఆ మాటకు చప్పట్లు మామూలు కంటే ఎక్కువే పడ్డాయి. ఒకరిద్దరు చప్పట్లు కొట్టకుండా తమ ఇంటి దూలాలను తలుచుకున్నారు.

అంతకుముందు రోజే రేకును తోమి తెమ్మని సదానందం వీళ్లకే ఇచ్చాడు. కోమల ఇంటి వాకిట్లో ఇద్దరూ చింతపండు పెట్టి తోమారు. తళతళలాడాక రోజారాణి దాన్ని బోర్లా తిప్పి, హనుమండ్లును పిలిచింది.

"అక్క పేరు పక్కన నా పేరు కొట్టు. ఉమ్మడిది."

"నాది గూడ కొట్టురా" అంది మంచం మీంచి బుచ్చవ్వ. ఆగి, "మా అత్తోళ్ల మామ పేరు గంగారాం. ముందుగాల అది కొట్టు" అంది.

హనుమండ్లు ఆ మూడు పేర్లూ కొట్టాడు. మేస్త్రీ రేకును గోడకు బిగించాడు. ఏడుగురు పోయారు, ఇద్దరు రాలేదు అని ముందువైపు అందరూ చదువుకోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకడి పేరు మాత్రం గోడకు ఆనుకుని, ముగ్గురు ఆడవాళ్ల పక్కన ఉంది.

ఆ ఏడాది పెత్తరమాస నాడు బుచ్చవ్వ పంచాయతి ఆఫీసు గోడ కింద విస్తరి పెట్టి దండం పెట్టుకుంది. ఇంటికి వచ్చి తను తినడానికి కూర్చుంది. వంతు కోమలది. గిన్నెలో పచ్చిపులుసు. పోయిన నెల రోజారాణి ఇంట్లోనూ ఇదే. తోడికోడళ్లిద్దరూ గోడ మీద మోచేతులు ఆనించి ఏదో ముచ్చట్లలో మునిగిపోయి ఉన్నారు. కూర సంగతి ఇద్దరికీ పట్టలేదు.

బుచ్చవ్వ పచ్చిపులుసు కలుపుకుంటూ కాగు వైపు చూసింది. దాని మీద ఇప్పుడు గుండ్రటి అల్యూమినియం మూత ఉంది, రోజారాణి ఇచ్చినది, రోజారాణి పేరుతోనే.

"ఓ సిద్దిరాములూ," అంది కొడుకుతో, "ఆ రేకు ఇంకొక్క ఏడాది మెట్‌పల్లిలనే ఉంటె ఏం పోతుండెరా?"