గుట్ట కాలిన నాడు బక్కమ్మ ఊర్లో లేదు

పెద్దవాగు ఊర్లోకి వచ్చి, బాలస్వామి దుకాణంలో బెల్లం బస్తాలన్నీ కరిగి, వాడంతా తియ్యటి బురదైన ఏడాది ఒకటి ఉంది. ఆ మరుసటి ఎండాకాలం జరిగిన సంగతి ఇది. అంకెల్లో ఏ సంవత్సరమో ఊర్లో ఎవరూ చెప్పలేరు. రజాకార్ల గొడవ సద్దుమణిగి ఏడెనిమిది ఏండ్లయింది. రామన్నపేటకు బస్సు రావడం అప్పటికి ఇంకా వింతే.

ఆ వాగు పోతూ పోతూ గుట్ట కింది బీడు నిండా ఒండ్రు పరిచిపోయింది. దాని మీద బోదగడ్డి మనిషి ఛాతీ ఎత్తు లేచింది. చైత్రం వచ్చేసరికి ఎండి గలగలలాడుతోంది. గుట్ట ఒక పక్క, ఊరు ఒక పక్క, నడుమ ఆ గడ్డి. ఊరంటే ముప్పై ఇండ్లు. పోలీసు పటేలు లింగయ్యది ఒక్కటే పెంకుటిల్లు, మిగిలినవన్నీ తాటికమ్మలవే.

బీడుకు ఆనుకొని ఉన్న చివరి గుడిసె కురుమ ఐలేశంది. పక్కనే తుమ్మకంపతో కట్టిన దొడ్డి. దొడ్డిలో నలభై గొర్రెపిల్లలు, ఇంకా మేతకు నడవలేనివి. తల్లులను ఐలేశం తమ్ముడు కురుమయ్య పొద్దున్నే చెరువు కిందికి తోలుకుపోయాడు. వాటికి ఏం భయం లేదు. భయమంతా పిల్లలకే.

ఐలేశం మాట్లాడడు. మూగవాడు కాడు, నోరుంది. ముప్పై ఏండ్ల కింద బక్కమ్మ కాపురానికి వచ్చింది. ఆనాటి నుంచి ఆ ఇంటి మాటంతా ఆమెదే. పంచాయతీ అయినా, ఉన్ని బేరమైనా, పెండ్లి పిలుపైనా అందరూ ఐలేశం ముఖం చూసి బక్కమ్మను అడుగుతారు. ఆమె ఒకసారి అతని వైపు చూస్తుంది. అతను గొంగడి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి వేసుకుంటాడు. "వస్తమంటాండు" అని ఆమె చెప్తుంది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఊరికి అదే అలవాటైంది.

ఆ రోజు రామన్నపేటలో అంగడి. బక్కమ్మ ఉన్ని మూట నెత్తిన పెట్టుకొని పొద్దున్నే పోయింది.

మిట్టమధ్యాహ్నం దాటింది. గుట్ట వెనక నల్లగా లేచింది చూసి, వాన మబ్బనుకొని ముందు సంతోషపడింది ముసలి సాలమ్మ. "మొగులైందే!" అని వాడంతా వినేట్టు అరిచింది. కాసేపటికి కమురు వాసన వచ్చింది. తేనె పట్టేవాళ్లు పొగబెట్టి ఆర్పకుండా పోయారని తర్వాత కొందరన్నారు. చూసినవాళ్లు లేరు.

మంట గుట్ట శిఖరం మీద కనబడగానే ఊరు ఊరంతా బయటపడింది. ఎవరికి తోచింది వాళ్లు ఇంట్లోంచి బయటికి తెస్తున్నారు. ఒకాయన తలుపు ఊడబీకి వీపున వేసుకున్నాడు. సాలమ్మ ఇసుర్రాయి దొర్లించుకుంటూ గడప దాటించింది.

"అవ్వా, రాయి కాలదే! బియ్యం తీస్కో!" అన్నాడు దుర్గయ్య.

"కాలితె? కొత్తది నీ అయ్య కొట్టిస్తడారా?" అని సాలమ్మ ఇంకో దొర్లు దొర్లించింది.

దుర్గయ్యది రైతు కుటుంబం. అతని గడ్డివాము ఐలేశం దొడ్డి పక్కనే ఉంది. ఊర్లో అందరికన్నా పెద్ద వాము. దుర్గయ్య నిచ్చెన వేసి దాని మీదికెక్కి, ఒక్క కుండెడు నీళ్లు పక్కన పెట్టుకొని, కాలికింద ఎండుగడ్డి, చేతిలో చెంబుతో గుట్టవైపు కాపలా కూర్చున్నాడు.

పటేలు లింగయ్య మాత్రం వేపచెట్టు కింద మంచం వేయించి, తాసీలుకు పంపడానికి రపోటు రాస్తున్నాడు. మంట ఎన్ని గంటలకు మొదలైందో రాయాలి. ఊర్లో గడియారం లేదు. అందరినీ అడుగుతున్నాడు.

ఐలేశం ఒక్కడే ఏదీ మోయలేదు. గుప్పెడు దుమ్ము తీసి గాలిలోకి వదిలాడు. దుమ్ము ఊరివైపు పోయింది. గుట్టను చూశాడు, బీడును చూశాడు, దొడ్డిలో పిల్లలను చూశాడు. గుడిసెలోకి పోయి, పొయ్యిలోంచి మండుతున్న కొరివి ఒకటి పట్టుకొని బయటికొచ్చి, తిన్నగా బీడువైపు నడిచాడు.

వాము మీది నుంచి దుర్గయ్య చూశాడు. చేతిలో చెంబు జారిపోయింది.

"ఓ పటేలా! ఉరుకుండ్రి! గుట్ట సాలలేదంట, గీయన ఊరికి గుడ అంటువెడ్తాండు!"

నలుగురు ఉరికి ఐలేశాన్ని పట్టుకున్నారు. కొరివి తొక్కి ఆర్పేశారు. వాళ్ల అనుమానానికి కారణం లేకపోలేదు. తొలకరికి ముందు గుట్ట మీది ముదురు గడ్డిని కాలబెట్టడం కురుమలకు ఆనవాయితీ. వాన పడగానే లేత చిగురు వస్తుంది, గొర్రెలు బాగా మేస్తాయి. అయితే అది మృగశిర ముందర చేసే పని, ఇంకా రెండు నెలలుంది. ఆ మాట బక్కమ్మ ఉంటే చెప్పేది.

"గుట్టకు నువ్వే పెట్టినవా ఐలేశం?" అని పటేలు కాగితం పక్కన పెట్టి అడిగాడు.

ఐలేశం కాదన్నట్టు తల ఊపాడు.

"మరి గీ కొరివి ఏంది? ఏం జేద్దామని?"

ఐలేశం గొంతు సవరించుకున్నాడు. "కాలవెట్టాలె" అన్నాడు.

"ఇన్నరా, ఇన్నరా!" దుర్గయ్య వాము మీద గెంతాడు. "తన నోటితోని తనే ఒప్పుకుండు!"

ఎద్దుల పగ్గం తెచ్చి ఐలేశాన్ని దుర్గయ్య బండి చక్రానికి కట్టేశారు. కట్టేటప్పుడు గొంగడి కింద పడింది. తర్వాత ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. మనిషి మంచివాడు. ఇంతవరకు ఎవరి చేనులో గొర్రె పడ్డా తనే వెళ్లి తోలుకొచ్చినవాడు. అట్లాంటి మనిషి ఇట్లా ఎందుకు చేస్తాడు?

పటేలు ఆలోచించి తీర్పు చెప్పాడు. "బక్కమ్మను పిలిపియ్యుండ్రి. ఆమెను అడిగితెగాని గీయన మనసుల ఏమున్నదో తెల్వది. పోచయ్యా, నువ్వు గట్టిగ ఉరుకుతవు. రామన్నపేటకు పోయి తోల్కరా."

"రెండు కోసులు పటేలా! గంతదాంక మంట ఆగుతదా?" అన్నాడు పోచయ్య.

"అందుకే ఉరుకుమంటున్న."

పోచయ్య రుమాలు నడుముకు కట్టి ఉరికాడు. ఆమె వచ్చేదాకా ఎవరూ ఏమీ చేయవద్దని పటేలు హుకుం జారీ చేశాడు. మంటకు ఆ హుకుం అందలేదు. అది గుట్ట దిగుతూనే ఉంది.

చక్రానికి కట్టేసి ఉన్న ఐలేశానికి అన్నీ కనబడుతున్నాయి. మంట మొదటి బండ దాటింది. రెండో బండ దాటింది. గుట్ట అడుగున మోదుగుచెట్ల వరుస ఉంది. అది దాటిందంటే బీడు. బీడు అంటుకుంటే దొడ్డి చేరడానికి ఒక చుట్ట తాగేంతసేపు కూడా పట్టదు. పొగకు పిల్లలు తుమ్ముతున్నాయి. వాటిలో మొన్ననే పుట్టిన జంట పిల్లల అరుపు అతను విడిగా గుర్తుపట్టాడు.

చెప్పాల్సిన మాటలన్నీ లోపల వరుసగానే ఉన్నాయి. కానీ దొడ్డి తడిక తీయగానే గొర్రెలన్నీ ఒక్కసారే తోసుకున్నట్టు, అన్నీ కలిసి గొంతు దగ్గర ఇరుక్కున్నాయి. అట్లాంటప్పుడు ఏం చేయాలో గొర్రెలకైతే అతనికి తెలుసు. పెద్ద పొట్టేలు మెడ పట్టి ముందు దాన్ని బయటికి లాగాలి. లాగాడు.

"గాలి," అన్నాడు. "గాలి మనదిక్కున్నది. గా మంట బీట్లకొస్తె ఇండ్ల మీదికే వస్తది. బీట్ల గడ్డిని ముందుగాల మనమే కాలవెట్టాలె. ఈ దిక్కు తడి గొంగళ్లు పట్టుకోని నిలవడి, కొంచెం కొంచెం కాలవెట్టుకుంట పోవాలె. గుట్ట మంట వచ్చేటాల్లకు దానికి తినెతందుకు ఏం దొర్కది. ఆడ్నే సస్తది. మా నాయిన గట్లనే జేసిండు."

 సాలమ్మ ఇసుర్రాయి వదిలేసింది. అది దొర్లిపోయి పటేలు మంచం కోడుకు తగిలింది.

"ఓయమ్మో! గిన్ని మాటలు మాట్లాడిండే!"

"గీయన గొంతు గిట్లుంటదా? నేను లావుగ ఉంటదనుకున్న."

"నా పెండ్లప్పుడు ఒక్కమాట అన్నడు, నేను ఇన్న. గప్పుడు గింత సన్నగ లేకుండె."

పటేలు కాగితం, కలం అందుకున్నాడు. "ఐలేశం, మల్లొక్కపారి జెప్పు. మెల్లగ. రాసుకుంట."

ఐలేశం నోరు తెరిచాడు. లోపల ఇంకేం మిగల్లేదు. మూసుకున్నాడు.

"సూసిన్రా," అన్నాడు దుర్గయ్య. "తను ఏమన్నడో తనకే ఎరుక లేదు. ఎండకు మతి చలించింది. బక్కమ్మ రావాలె, ఆమె జెప్పాలె."

బక్కమ్మ అప్పటికే వస్తోంది. అంగడి నుంచి తిరిగి వస్తూ సగం దారిలోనే పొగ చూసింది. కొన్న మిరపకాయలు, ఉప్పు అక్కడే పడేసి ఉరికింది. ఎదురొచ్చిన పోచయ్య "పటేలు నిన్ను తోల్కరమ్మన్నడు" అంటుండగానే అతన్ని దాటిపోయింది. పోచయ్య వెనక్కి తిరిగి ఉరికినా ఆమెను అందుకోలేకపోయాడు. దారి పొడుగునా "పిల్లలు! నా పిల్లలు!" అని అరుస్తూనే ఉంది. ఆ అరుపు ఆమెకన్నా ముందే ఊరు చేరింది.

వచ్చీ రాగానే చక్రానికి కట్టేసిన మొగుణ్ని చూసింది.

"మీ చేతులు ఇరుగ! గొర్రెను గుడ గిట్ల కట్టరు గదరా! పటేలా, నీకు కండ్లున్నయా లేవా?"

"తర్వాత తిడుదువు గని అక్కా," అని పటేలు చేతులు అడ్డం పెట్టాడు. "ముందుగాల గిది జెప్పు. మీ ఆయన ఏమంటాండు?"

బక్కమ్మ ఐలేశం వైపు చూసింది. గొంగడి కింద ఉంది, చేతులు కట్టేసి ఉన్నాయి. అతను ఒట్టి భుజమే కదిపి బీడువైపు చూశాడు.

"బీడు కాలవెట్టుమంటాండు!" అంది బక్కమ్మ. "గుట్ట మంట రాకముందే కాలవెట్టాల్నంట. గొంగళ్లు తడుపుకోని ఇండ్ల దిక్కు నిలవడుమంటాండు. ఆడోళ్లను బొక్కెనలు తెమ్మంటాండు. దుర్గిగాన్ని వాము దిగుమంటాండు, సన్నాసి!"

ఆఖరి మాట ఐలేశం అనలేదు. దుర్గయ్య మాత్రం దిగాడు.

"గట్ల ముందే జెప్పొద్దా!" అని ఊరంతా బావి మీదికి ఉరికింది.

ఇండ్లలోని గొంగళ్లన్నీ బావిలో మునిగి లేచాయి. తడిసిన గొంగడి దూడంత బరువుంటుంది. ఇద్దరిద్దరు పట్టి ఈడ్చుకొచ్చి బీడు అంచున వరుసగా నిలబడ్డారు. బక్కమ్మ పగ్గం విప్పగానే ఐలేశం పొయ్యిలోంచి ఇంకో కొరివి తెచ్చి ఆ అంచు వెంట నడుస్తూ గడ్డికి అంటించుకుంటూ పోయాడు. గాలికి ఎదురు కాబట్టి మంట నిదానంగా గుట్టవైపు పాకింది. ఇటు తిరిగిన మంటను తిరిగినట్టే గొంగళ్లతో బాదారు. పటేలు కూడా రపోటు మడిచి నడుములో దోపుకొని ఒక కొస పట్టుకున్నాడు. సాలమ్మ మంటను బాదడం తక్కువ, తిట్టడం ఎక్కువ.

పెద్ద మంట మోదుగుచెట్లు దాటి హోరుమంటూ బీట్లోకి దూకింది. ఈ మంట దానికి ఎదురు పోయింది. రెండూ నడుమ పొట్టేళ్లలాగా ఢీకొని తాటిచెట్టు ఎత్తు లేచాయి. అందరూ వెనక్కి పడ్డారు. ఆ తర్వాత చూస్తే తినడానికి అక్కడ ఏమీ లేదు. గుట్ట నల్లగా, బీడు నల్లగా, నడుమ సన్నటి పొగ.

బక్కమ్మ దొడ్డిలోకి దూరి పిల్లలను రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై. జంట పిల్లల్లో ఒకదానికి తోక మీద బొచ్చు కాస్త కమిలింది, అంతే. ఇండ్లన్నీ ఉన్నాయి. వాముకు నిప్పు తగల్లేదు గానీ, దుర్గయ్య భయానికి దాని మీద యాభై కుండల నీళ్లు పోయించాడు. ఆ గడ్డి వారంలో మురిగి, ఎడ్లు కూడా ముట్టలేదు.

పొద్దుగూకేదాకా బక్కమ్మ మాట్లాడుతూనే ఉంది. కట్టిన నలుగురినీ పేరు పేరునా తిట్టింది. తిట్టాక మంట సంగతి ఒక్కొక్కరికి మొదటి నుంచి చెప్పింది, అందరూ అక్కడే ఉన్నా సరే. దీపాలు పెట్టేవేళకు గొంతు బొంగురుపోయింది. పడుకునేసరికి పూర్తిగా పోయింది.

తెల్లవారి ఊరివాళ్లు గుడిసె ముందుకొచ్చారు. మంటకు ఎదురు మంట పెట్టే పద్ధతి ఐలేశానికి ఎట్లా తెలిసిందో అడగాలని వాళ్ల కోరిక. పటేలుకు రపోటులో ఆ ఒక్క ముక్కే తక్కువైంది. అందరూ ఐలేశం ముఖం చూసి బక్కమ్మను అడిగారు. ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఐలేశం గొంగడి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి వేసుకున్నాడు. దాని అర్థం ఎవరికీ తెలియలేదు. ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

ఐలేశం మేకపాలు పిండి, మిరియాలు, పసుపు వేసి కాచి తెచ్చాడు. బక్కమ్మ రెండు చేతులతో ముంత పట్టుకొని తాగుతోంది. అతను ఆమె ఎదురుగా గడపలో కూర్చొని గొంతు సవరించుకున్నాడు.

"మా నాయిన నాకు గీ ఎదురుమంట సంగతి నేర్పినప్పుడు నాకు పదేండ్లు," అని మొదలుపెట్టాడు. అది చెప్పాడు. కుంటి గొర్రె సంగతి చెప్పాడు. గుడిసె ఉత్తరం మూలన కురిసే సంగతి చెప్పాడు. తర్వాత పెండ్లి సంగతికి వచ్చాడు. "మన పెండ్లినాడు మీ అన్న పోసిన పప్పు ఉన్నది సూడు, ఉప్పు కషాయం! నోట్ల వెట్టరాలే. గప్పుడే అందామనుకున్న."

బక్కమ్మ కండ్లు పెద్దవి చేసి, కాదని అతని మోకాలు మీద చరిచింది. 

కురుమయ్య వచ్చి, "అన్నా, గొర్లను ఎటు తోలుదాం? గుట్ట మీద పోచ లేదు" అన్నాడు.

చెరువు దిక్కు తోలుకుపొమ్మని ఐలేశం చేయి ఊపాడు. అతను పోయేదాకా ఆగి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"యాడున్నం? ఆఁ, పప్పు."