కోసేసిన వేషానికి వెండి కప్పు

నేను ఒక వెండి కప్పును. పైపైనే వెండి, గోటితో గీరితే లోపలి ఇత్తడి బయటపడుతుంది. సినిమావాళ్ల మధ్య తిరగబోయే వస్తువుకి అంతకన్నా తగిన పుట్టుక లేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మూడేళ్లకి, మద్రాసులో ఒక పాత్రల దుకాణం వెనక, వాడేసిన తూటాల తొడుగులు కరిగించి నన్ను పోతపోశారు. మనుషుల్ని చంపడం మాని, వాళ్లని మెచ్చుకునే పనిలో చేరాను.

ఆ రోజుల్లో సినిమాకి కావలసింది కథ కాదు, ముడి ఫిల్ము. కిరసనాయిలుతో పాటు దాన్నీ నల్లబజారులో సంపాదించగలిగిన ముసునూరి పద్మనాభయ్యగారు ఆ ఒక్క అర్హతతో కళాసేవకులైపోయారు. ఆయన తీసిన బొమ్మలో తల్లి వేషం కొల్లిపర శేషావతమ్మది. తెనాలి నాటకాల్లో ఇరవై ఏళ్లు ఆరితేరిన మనిషి. కొడుకు యుద్ధంలో పోయాడని తెలిసి గుండెలు బాదుకునే ఘట్టం మూడు రోజులు తీశారు. తీరా ఇంకో డాన్సుకి చోటు కావలసి వచ్చి, ఆవిడ వేషం మొత్తం కోసేశారు. సినిమాహాల్లో అమ్మే పాటల పుస్తకంలో మాత్రం ఆవిడ పేరూ, అందులో అచ్చేసిన కథలో ఆ తల్లి ఏడుపూ అలాగే ఉండిపోయాయి.

ఆ ఏటి సినిమా బహుమతుల న్యాయనిర్ణేతలు ఐదుగురూ తీరిక లేని పెద్దమనుషులు. బొమ్మ చూడకుండా పాటల పుస్తకం చదివి తీర్పు రాసేశారు. అలా ఉత్తమ సహాయనటి బహుమతిగా నేను శేషావతమ్మ చేతికి వచ్చాను.

ఆవిడ బహుమతి సభలో మైకు ముందు నిలబడి, “అయ్యా, ఆ బొమ్మలో నేను లేనండీ. టిక్కెట్టు కొనుక్కుని చూశా. ఎక్కడా కనపళ్లా” అంది.

అధ్యక్షులు జమీందారుగారు కళ్లు ఒత్తుకున్నారు. “విన్నారా! ‘నేను’ లేదు, పాత్ర మాత్రమే ఉందంటున్నారు. ఎంత లోతైన మాట!”

హాలంతా చప్పట్లు.

“అది కాదు బాబూ, నిజంగానే లేను. కోసేశారు!”

“అవునమ్మా, మా గుండెలు కోసేశారు!” అంటూ పద్మనాభయ్యగారు మైకు లాక్కున్నారు.

మర్నాడు పత్రికలు ఆవిడ వినయాన్ని కొనియాడాయి. వారం తిరక్కుండా నలుగురు నిర్మాతలు వచ్చి, ఆ బొమ్మలో మీ నటన అద్భుతమన్నారు. ఏ సీను నచ్చిందని అడిగితే అన్నీ నచ్చాయన్నారు. ఆవిడ నవ్వలేదు. నన్ను వంటింట్లో ఉప్పుజాడీ పక్కన పెట్టింది.

పక్క వాటాలో తాయారమ్మ ఉండేది. ఆమె కొడుకు బర్మా యుద్ధంలో పోయాడు. ఒక మధ్యాహ్నం నన్ను చూసి, “ఏం చేశావని ఇచ్చారే ఇది?” అంది. శేషావతమ్మ తటపటాయించి, చివరికి గుండెలు బాదుకుని ఆ ఘట్టం చేసి చూపించింది.

తాయారమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఆపింది. “నేను అరవలేదు శేషూ. వాడు పోయాడని తంతి తెచ్చినతను ఎండలో నిలబడ్డాడని మజ్జిగిచ్చా. తాగి వెళ్లిందాకా నిలబడే ఉన్నా.”

శేషావతమ్మ లేచింది. చేతికి అందిన నన్ను తీసుకుని మజ్జిగ పోసి, వాకిట్లో ఎవరో ఉన్నట్టు చాచింది. ముఖంలో ఏమీ లేదు. తాయారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రశంసాపత్రంతో పాటు వచ్చిన నేను, నటన చూడడం అదే మొదలు.

తర్వాతి బొమ్మలోనూ అలాంటి తల్లి వేషమే. నన్ను సంచీలో వేసుకుని సెట్టుకి వెళ్లి, మజ్జిగ పోయించమంది.

డైరెక్టరుగారు విసుక్కున్నారు. “ఏడవండమ్మా! మజ్జిగిస్తే జనం ఏడుస్తారా?”

“జనం ఏడవకపోతే కోసేసెయ్యండి. నాకు అలవాటే” అంది శేషావతమ్మ.

ఒక్క టేకు. రీలు అయిపోయి కెమెరా ఆగిపోయాక కూడా ఎవరూ ‘కట్’ అనలేదు. దీపాలు పట్టుకున్న లైట్‌మన్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ ఏడాది ఆవిడకి బహుమతి రాలేదు. పాటల పుస్తకంలో మజ్జిగ సంగతి రాయలేదు మరి.