అన్నకు కిటికీ సీటు

కేప్‌టౌన్ నుంచి డర్బన్ వెళ్ళేటప్పుడు విమానంలో ఎడమవైపు కూర్చోవాలట, అదీ రెక్కకు ముందు వరసలో. పెద్ద కొండలూ, అదృష్టం బాగుంటే వాటి మీద మంచూ ఆ వైపే కనిపిస్తాయట. అన్న పోయిన మూడో రోజు సెల్‌ఫోన్లో అరగంట వెతికి ఈ సంగతి తెలుసుకున్నాను. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాక సీట్లు వెతికాను.

మా అన్న ఖులెకాని కేప్‌టౌన్ ఓడరేవులో పదహారేళ్ళు పనిచేసి, అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. శవపేటిక ముందే వ్యాన్‌లో బయల్దేరింది. ఆత్మ అలా రాదు. ఇంటివాళ్ళు వెళ్ళి, ప్రాణం పోయిన మంచం దగ్గర రేగు కొమ్మతో దాన్ని పిలిచి, వెంటబెట్టుకు రావాలి. దారిలో దానికీ ఒక సీటుండాలి. మా ఊరి ఏరు వచ్చినప్పుడు దానికి చెప్పి దాటించాలి. చెప్పకపోతే అన్న ఆ మంచం దగ్గరే ఉండిపోతాడు. కొమ్మ పట్టుకున్న మనిషి ఇల్లు చేరేదాకా పోయినవాడితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు.

కొమ్మ బాబాయ్ పట్టుకున్నాడు. పెళ్ళిలోనైనా చావులోనైనా నోరు మూతపడని మనిషికి ఈ పని అప్పగించారు మావాళ్ళు.

కిటికీ దగ్గర కొమ్మను కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. మధ్యలో బాబాయ్, ఈ చివర నేను. గంటన్నర గడిచాక కొండలు వచ్చాయి. నిజంగానే మంచుంది. చూశాను. నాకేమీ అనిపించలేదు.

బాబాయ్ కొమ్మ వైపు వంగాడు. "ఒరేయ్ ఖులే, ఇవేం కొండల్రా? ఎప్పుడైనా ఈ దారిన వచ్చావా? నువ్వొచ్చే బస్సు మన ఏటి వంతెన మీదుగా కదా వచ్చేది. నిన్ను ఇంటికి తీసుకెళ్తోందా, షికారుకి తీసుకెళ్తోందా, మీ చెల్లెల్ని అడుగు."

నేనూ కొమ్మకే చెప్పాను. "అన్నా, ఎడమవైపే బాగుంటుందని అందరూ రాశారని బాబాయ్‌కి చెప్పు."

"ఎవర్రా ఆ అందరూ? ఫోటోలు తీసుకునేవాళ్ళా? ఉమ్కొమాజి ఏరు ఎటొస్తుందో కనుక్కో."

"కుడివైపు, అన్నా."

బాబాయ్ కుడివైపు కిటికీలకేసి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఏరు చూపించకుండా నిన్ను ఎలా దాటించనురా?"

తప్పు నాదే. మంచి సీటని చూశాను గానీ, ఎవరి కోసమో చూడలేదు. సిగ్గుపడాల్సింది. సిగ్గు కూడా కలగలేదు. సీటు మార్చాలి, అంతే అనుకున్నాను.

నడవకు అవతల, కుడివైపు వరసలో ఓ ముసలావిడ ఒక్కతే కిటికీ దగ్గర కూర్చుంది. మిగతా రెండు సీట్లూ ఖాళీ. "అమ్మా, మా అన్నకి..." అని మొదలుపెట్టాను. ఆవిడ నా వెనకున్న కొమ్మను చూడగానే సంగతి గ్రహించి, అప్పుడే సంచీ సర్దుకుంటోంది.

"ఏ ఇంటివాడమ్మా?"

"షోజీ వాళ్ళమండి."

ఆవిడ లేచి కొమ్మకు దారిచ్చింది. "దా నాయనా, ఇక్కడ కూర్చో. ఎండ కూడా లేదు."

"పదరా, సీటు మారుతున్నాం," అన్నాడు బాబాయ్ కొమ్మతో. "మీ చెల్లెలు పొరపాటు పడింది. దాన్నేమీ అనకు."

విమానం కిందికి దిగుతోంది. చెరకు తోటలు, ఆ తర్వాత సముద్రం, సముద్రంలోకి ఎర్రగా చొచ్చుకుపోయిన ఏటి నీళ్ళు కనిపించాయి. బాబాయ్ నోరు తెరిచాడు. మాట పెగల్లేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. ఏరు వెనక్కి జారిపోతోంది. ఇంకొక్క నిమిషమైతే కనపడదు.

నేను బాబాయ్ మీదుగా వంగాను.

"అన్నా, ఇది ఉమ్కొమాజి. మన ఏరు. దాటుతున్నాం. నువ్వు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు రేపొస్తాలే అన్నాను, రాలేదు. నువ్వు చచ్చిపోయావన్నా. ఇంటికి పద."

ఏరు వెళ్ళిపోయింది. బాబాయ్ బెల్టు విప్పి కొమ్మ తీసి నా చేతిలో పెట్టాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడైనా ఏడవమ్మా," అన్నాడు.

కొమ్మ నా చేతిలో ఉంది. బాబాయ్‌కి నేను జవాబు చెప్పకూడదు.

"అన్నా, బాబాయ్ ఏడవమంటున్నాడు," అన్నాను. "రావట్లేదని చెప్పు."