వాలుకప్పు కింది గది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పరాయి దేశంలో గది అద్దెకి వెతికి చూడు అనడం మరిచిపోయారు. ఆ ముచ్చట పిచ్చుకకి మిగిలింది.

పిచ్చుక అంటే చదువుకోవడానికి విమానమెక్కి వెళ్ళిన ఒక పొట్టి పిల్ల. తినేది పిడికెడు, తిరిగేది ఊరంతా అని తాత పెట్టిన ముద్దుపేరు. అక్కడికి వెళ్ళాక బతుకు కూడా పేరుకు తగ్గట్టే అయింది. ఏ చూరు కింద వాలినా అదిలించేవారే. జీతం కాగితాలు చూపమనేవారొకరు, ఏడాది అద్దె ముందే కట్టమనేవారొకరు. ఫోటోలో మేడలా ఉన్న గదికి వెళ్ళి చూస్తే, మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం పట్టదు.

అప్పటిదాకా నీడనిచ్చింది కాలేజీలో పై తరగతి చదివే ఒక అక్క. చుట్టరికం లేదు, మాట కలిసింది, అంతే. తన మంచం పిచ్చుకకి ఇచ్చేసి, తాను వంటగదిలో ఫ్రిజ్ పక్కన బొంత పరుచుకుంది. "ఫ్రిజ్ గురక వింటేగానీ నాకు నిద్ర పట్టదే" అంది. పిచ్చుక నమ్మేసింది. ఇంతలో ఇంటి ఓనరు పసిగట్టాడు. ఆదివారంలోగా ఆ అదనపు మనిషి కదలకపోతే, అక్క సామాను కూడా వీధిలో ఉంటుందని తేల్చి చెప్పాడు.

శనివారం పొద్దున్నే అక్క ఒక చిరునామా చేతిలో పెట్టి తరిమింది.

"బస్సు నడిపి రిటైరైన ముసలామెటే. పైన గది ఉందట. అద్దె మనబోటివాళ్ళు కట్టగలిగినంతే. నీ మొహమాటం మాత్రం గుమ్మం బయటే వదిలెయ్."

ముసలామె ఎత్తైన మనిషి. నడుముకి తాళాల గుత్తి. మెట్లెక్కించి గది చూపించింది. పైకప్పు ఒకవైపు వాలుగా కిటికీ మీదకి దిగి ఉంది. మధ్యలో అడ్డంగా దూలం.

"వచ్చినవాళ్ళంతా దీనికి తల కొట్టుకుని పోతున్నారు. అందుకే అద్దె తగ్గించా," అంది.

పిచ్చుక దూలం కింద నిటారుగా నిలబడింది. నెత్తి మీద ఇంకా జానెడు జాగా మిగిలింది. అటక అందదని చిన్నప్పటినుంచీ వెక్కిరించిన నోళ్ళన్నీ గుర్తొచ్చాయి. మొదటిసారి తన పొట్టితనానికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. గోడ వెంట వేడినీళ్ళ గొట్టం. చెయ్యి ఆనిస్తే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది.

"కావాలా? కావాలంటే ఇదుగో తాళం, ఇవాళే దిగు. మధ్యాహ్నం ఇంకెవరో వస్తామన్నారు."

ఎవరైనా ఏదైనా ఇస్తానంటే వెంటనే చెయ్యి చాపకూడదు. మొదటిసారి వద్దనాలి, రెండోసారి నసగాలి, మూడోసారికి 'మీరింతగా అంటున్నారు కాబట్టి' అని పుచ్చుకోవాలి. పిచ్చుకకి ఉగ్గుపాలతో పట్టిన విద్య ఇది.

"అయ్యో, ఇవాళేనా? మీకెందుకండీ శ్రమ, పర్లేదు," అంది సిగ్గుపడుతూ.

"సరే."

ముసలామె తాళం గుత్తిలోకి ఎక్కించి, మెట్లు దిగి, వీధి తలుపు తీసి పట్టుకుంది. రెండో పిలుపు కోసం పిచ్చుక బూట్ల లేసులు కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది. పిలుపు రాలేదు. తలుపు మూసుకుంది.

వీధి చివరిదాకా నడిచి అక్కకి ఫోన్ చేసింది.

"ఇస్తానంటే వద్దన్నావా?"

"వద్దనలేదక్కా, పర్లేదన్నాను."

"ఓసి నీ మొహమాటం మండా! ఆవిడేమన్నా మీ మేనత్తటే, బతిమాలి వడ్డించడానికి? వెనక్కి పరిగెత్తు! ఆ ఫ్రిజ్ పక్కన పడుకుని నా నడుం కర్రయిపోయింది."

"గురక వింటేగానీ నిద్ర పట్టదన్నావుగా?"

"అదీ మొహమాటమేనే, మొద్దూ!"

పిచ్చుక కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ తాను వెచ్చగా పడుకున్నది ఎవరి నడుం మీదో అప్పుడు తెలిసింది. ఇక ఆగలేదు. సంచి ఒక భుజాన, ఊపిరి ఒక పక్కన ఎగురుతుంటే పరిగెత్తింది. గంట నొక్కబోయేలోగా తలుపే తెరుచుకుంది.

"కావాలండీ! ఆ గది నాకు కావాలి. ఇవాళే కావాలి!"

పుట్టి బుద్ధెరిగాక అన్నిసార్లు 'కావాలి' అనడం అదే మొదలు.

ముసలామె నవ్వింది. "కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. నా బస్సు తలుపు ఒక్కసారే తీసేదాన్ని. స్టాపులో దిక్కులు చూసేవాళ్ళ కోసం ఏనాడూ ఆగలేదు. అద్దంలో పరిగెత్తుకొచ్చేవాళ్ళు కనబడితే మాత్రం వదిలేసి పోలేదు. ఇంద, తాళం. మధ్యాహ్నం వచ్చేవాళ్ళకి గది నిండిందని చెప్తా."

సాయంత్రం పిచ్చుక పెట్టె మోసుకొచ్చిన అక్క, గదిలో అడుగు పెడుతూనే దూలానికి తల కొట్టుకుంది.

"అబ్బా! ఇది మనుషులకి కట్టారా, పిచ్చుకలకి కట్టారా?"

పిచ్చుక నవ్వుతూ ఆమె నుదురు రుద్దింది. "అక్కా, ఇవాళ నీ మంచం మీద నువ్వు పడుకో. కంటినిండా నిద్రపో," అంది. అక్క పెట్టె తెరిచి, చీర మడతలు చూడ్డంలో మునిగిపోయినట్టు నటించింది.

కింద నుంచి ముసలామె కేకేసింది. "టీ తాగుతారా?"

"అయ్యో, నాకు పర్లేదండీ..." అంది అక్క, అలవాటుగా.

పిచ్చుక అక్క చెయ్యి గట్టిగా గిల్లి, మెట్ల మీదకి వంగింది.

"తాగుతామండీ! ఇద్దరమూ! చక్కెర దండిగా!"

తర్వాత అక్క వైపు తిరిగి, "తాగక్కా. ఈ ఇంట్లో ఒక్కసారే అడుగుతారు," అంది.