తోకల ప్రదర్శన

అద్దాలాయన భార్యకి కిట్లంటే కిట్టదు. కిట్టు అంటే బొమ్మ విమానం కిట్టు. పెట్టె మూత తీస్తే ప్లాస్టిక్ ఫ్రేములకి రెక్కలు, చక్రాలు, తోకలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. వాటిని కత్తిరించి, అరగదీసి, జిగురుతో అతికించి, రంగు వెయ్యాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన భోజనాల బల్ల మీద ఒక విమానానికి నీలం రంగు వేస్తుంటే కుంచె చేజారి ఉప్పు డబ్బాలో పడింది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ ఉప్పందించనక్కర్లేకపోయింది. ఉప్పే చెప్పింది. మర్నాడు పొద్దున్నే జిగురుతోనూ పట్టకారుతోనూ సహా ఆయన్ని బల్ల మీంచి వెలివేసింది.

అలా వెలిపడ్డ మనిషి తేలింది లైబ్రరీ మేడ మీది గదిలో. అక్కడ బొమ్మ విమానాల క్లబ్బు ఉంది. దానికి ఆయన సెక్రటరీ కూడా అయ్యాడు, ఎందుకంటే ఆ పనికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. భార్య ఆ గదికి 'గాలిమేడ' అని పేరు పెట్టింది. మేడ ఎటూ ఉంది, గాలి కబుర్లు లోపల బోలెడున్నాయి, పేరు అతికినట్టు సరిపోయింది.

ఏమన్నా ఆ గదంటే ఆయనకి ప్రాణం. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కళ్ళజోళ్ళ షాపులో నిలబడి, వచ్చినవాళ్ళ ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? పోనీ, ఇదా? మొదటిదా, రెండోదా?" అని అడగడమే ఆయన బతుకు. వాళ్ళు "రెండూ ఒకలాగే ఉన్నాయండీ" అంటారు. మళ్ళీ మొదలు. అందుకే సాయంత్రం ఆ గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఒక పాత నిఘా విమానం కిట్టుని ఏళ్ళ తరబడి నిదానంగా అతికించుకుంటూ వచ్చాడు. పగలు ఫ్రేముల్లోకి అద్దాలు, సాయంత్రం ఫ్రేముల్లోంచి విమానాలు. ఆయన జీవితమంతా ఫ్రేములోనే ఉంది.

ఇప్పుడు ఆ గదికే ఎసరొచ్చింది.

లైబ్రేరియన్ ఒకరోజు మెట్లెక్కి వచ్చి, గది నాలుగు మూలలా చూసి, "సెక్రటరీగారూ, ఇన్నేళ్ళల్లో ఇక్కడ పూర్తయిన విమానం ఒక్కటి కూడా నా కంటపడలేదు. కుట్టు క్లాసుకి గది కావాలని అడుగుతున్నారు. వచ్చే ఆదివారం ప్రదర్శన పెట్టండి. ఈ బల్లల నిండా విమానాలు కనపడి, నలుగురు వచ్చి చూస్తే గది మీది. లేకపోతే వాళ్ళది" అంది.

"కుట్టు క్లాసువాళ్ళు ఎవరండీ అడిగింది?"

"మీ ఆవిడేనండీ."

అద్దాలాయనకి కళ్ళ ముందు మసక కమ్మింది. ఇంట్లోంచి పంపేసింది చాలక, పంపేసిన చోటి నుంచి కూడా పంపేసే కుట్ర! కుట్టు క్లాసు కాదది, కుట్ర క్లాసు.

క్లబ్బులో అందరికీ చెప్పాడు. అందరూ తలలూపారు. అలమారు నిండా పెట్టెలున్నాయి, వారం రోజులున్నాయి, తలా ఒకటి అతికించినా చాలు. సరిగ్గా అప్పుడే ఆయన బామ్మర్ది ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బావా! వేశాడు బావా!"

"ఎవడ్రా? ఎవణ్ణి?"

"కంపెనీవాడు! కొత్త కిట్టు టీజర్ వేశాడు!"

ఫొటోలో నల్లటి గుడ్డ కప్పిన ఏదో ఆకారం. వెనక గుడ్డ కిందనుంచి బూడిద రంగు తోక ఒక్కటే బయటికి కనపడుతోంది. కింద 'ఏమిటో చెప్పుకోండి చూద్దాం' అని ఒక ముక్క. అంతే. కంపెనీవాడు ఊరించాడు, వీళ్ళు ఊహించడం మొదలెట్టారు.

"ఇది నీళ్ళ మీద దిగే విమానం. సందేహమే లేదు," అన్నాడు పళ్ళ డాక్టరు. నీటి విమానం కిట్టు కోసం ఆయన చకోరంలా ఎదురుచూస్తున్నాడు. ఎక్కడ తోక కనపడినా ఆయనకి దాని కింద నీళ్ళే కనపడతాయి.

"నీళ్ళు లేవు, నిప్పులు లేవు," అన్నాడు రిటైరైన లెక్కల మాస్టారు. "గుడ్డ మడత చూడండి. ఎత్తు ఇంత, వాలు ఇంత. నాలుగింజన్ల రవాణా విమానం. లెక్క తప్పదు."

"లెక్క తప్పదు గానీ మాస్టారూ, ఆ గుడ్డ కింద రవాణా విమానం ఉంటే గుడ్డ కాదు, గుడారం కావాలి," అన్నాడు బామ్మర్ది. "ఇది ఫైటరు. తోకలో ఆ పొగరు చూడండి."

"ముక్కూ మొహం తెలియని విమానానికి పొగరు కూడా తెలిసిపోయిందా నీకు!" అన్నాడు మాస్టారు.

అద్దాలాయన చేతులు జోడించాడు. "బాబ్బాబు, ఆదివారం గది పోతుంది. ముందు అలమారులో ఉన్నవి అతికించండి."

పళ్ళ డాక్టరు ఆయన్ని జాలిగా చూశాడు. "భలేవారే! ఇవాళ నేను పాత నీటి విమానం అతికిస్తాను. రేపు కంపెనీవాడు కొత్తది, ఇంతకన్నా మంచిది దించుతాడు. నా పని ఏమవుతుంది?"

"అది నీటి విమానం అయితే కదండీ!" అన్నాడు మాస్టారు.

మళ్ళీ మొదలు. ఇదీ ఆ క్లబ్బుకి పట్టిన జబ్బు. రేపు వచ్చే కిట్టు కోసం ఇవాళ్టి కిట్టు ఆపుతారు. రేపటిది వచ్చాక ఎల్లుండిదాని టీజర్ వస్తుంది. అలమారు నిండుతుంది గానీ బల్ల నిండదు. సోమవారం అదే గోల. మంగళవారం ఇంకా గోల. అద్దాలాయన ఆ ఫొటో కేసి కన్నెత్తి చూడనని ఒట్టు పెట్టుకుని, గోడ కేసి తిరిగి పళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు.

"అలా కొరక్కండి సెక్రటరీగారూ, అరిగిపోతాయి," అన్నాడు పళ్ళ డాక్టరు వృత్తి ధర్మంగా.

అద్దాలాయన లేచాడు. "మూడు రోజులుగా రెక్కలు ముక్కలు చేసుకుని అరుస్తున్నాను! విమానాల రెక్కలు మాత్రం ముక్కలుగానే ఉన్నాయి! నోళ్ళు కాదు, చేతులు ఆడించండి! నీటి విమానం అంటారా? అలమారులో ఉంది, అతికించి చూపించండి! రవాణా అంటారా? అతికించి ఆ ఫొటో పక్కన పెట్టండి! ఎవరి మాట నిజమో అప్పుడు తేలుతుంది!"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం అందరూ కలిసి అలమారు మీద పడ్డారు.

ఆ తరవాత నాలుగు రోజులూ ఆ గదిలో ఆకురాళ్ళ గరగర తప్ప మాట లేదు. మాస్టారు నాలుక బయటపెట్టి అతికిస్తున్నాడు. డాక్టరు పళ్ళు తోమే సన్న బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరు ఒక్కో సిద్ధాంతంతో, ఒక్కో మూల చేరి, పక్కవాడు చూడకుండా అట్టపెట్టెల చాటున పని చేస్తున్నారు. అద్దాలాయన మురిసిపోయాడు. దిష్టి తగులుతుందని వాళ్ళ కేసి తొంగి కూడా చూడలేదు. తన పాత నిఘా విమానానికి చివరి రంగు వేసి, అదే మొదటిసారిగా పూర్తి చేసి, గుమ్మానికి ముక్కు, గోడకి తోక ఉండేలా ముందు బల్ల మీద పెట్టాడు. వచ్చినవాళ్ళకి ఎదురుగా అది నవ్వుతూ కనపడాలని ఆయన ముచ్చట.

ఆదివారం పొద్దున అట్టపెట్టెలు ఎత్తారు.

ఒక బల్ల మీద తోక. పక్క బల్ల మీద తోక. దాని పక్కన తోక. ఆ చివర మరో తోక. అన్నీ నున్నగా, బూడిద రంగులో, అద్దంలా మెరిసిపోతున్నాయి. ఏ తోకకీ ముందర విమానం మాత్రం లేదు.

"మిగతాది ఏది?" అన్నాడు అద్దాలాయన.

"మిగతాదేమిటి బావా? ఫొటోలో తోకే కదా ఉంది," అన్నాడు బామ్మర్ది. "ఉన్నదానికి ఉన్నట్టు చేశాం."

"మిగతాది కంపెనీవాడు గుడ్డ తీశాక చేద్దామని," అన్నాడు మాస్టారు. "లేకపోతే వృథా శ్రమ కదండీ."

అద్దాలాయన ఏదో అనబోయేలోపు గుమ్మంలో అలికిడైంది. లైబ్రేరియన్. ఆవిడ వెనకాల, మెళ్ళో కొలతల టేపుతో ఆయన భార్య. భార్య ఎవర్నీ పలకరించకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ రెండు మిషన్లు, ఈ గోడకి ఒకటి" అంటూ కొలవడం మొదలెట్టింది. ఆయన కుర్చీని కాలితో పక్కకి జరిపి మరీ కొలిచింది.

లైబ్రేరియన్ బల్లల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఇదేం ప్రదర్శనండీ? తలా తోకా లేకుండా!"

"తోకలున్నాయి మేడం," అన్నాడు అద్దాలాయన, తన సభ్యుల కేసి ఒక్కొక్కరినే చూస్తూ. "లేనివి తలలే."

లైబ్రరీకి వచ్చిన జనం అప్పుడే ఒక్కొక్కళ్ళుగా మెట్లెక్కుతున్నారు. ఇంకో నిమిషంలో గది పోతుంది. ఆ కంగారులో ఆయనకి ఇంకేమీ తోచక, చేతనైన ఒకే ఒక్క పని చేశాడు. ఆ టీజర్ ఫొటోని పెద్దది చేసి అచ్చు తీయించి తెచ్చిన కాగితం మాస్టారి దగ్గర ఉంటే లాక్కుని, దాని కేసి చూడకుండానే గోడకి అంటించాడు. దాని కింద తోకలన్నీ వరసగా పేర్చాడు. ముందొచ్చిన పెద్దాయన్ని భుజాలు పట్టి ఎదురుగా నిలబెట్టాడు.

"ఆ ఫొటో చూడండి. ఇప్పుడు ఈ తోక చూడండి. కలిసిందా? పోనీ, ఇదా? మొదటిదా, రెండోదా?"

పెద్దాయన కళ్ళు చిట్లించాడు. "మొదటిదే... ఉండండి, ఉండండి. రెండోదాన్ని కొంచెం వంచండి."

"అదేమిటండీ, మూడోది అచ్చం అలాగే ఉంటే!" అంది వెనకనుంచి ఒకామె.

"మూడోదా? కళ్ళజోడు మార్చుకోండమ్మా!" అన్నాడు ఇంకొకాయన.

అయిపోయింది. నిప్పంటుకుంది. కింద పేపరు చదువుకుంటున్నవాళ్ళు కూడా గోల విని పైకొచ్చారు. నీటి విమానం వాళ్ళు ఒక పక్క, రవాణా వాళ్ళు ఒక పక్క చేరారు. మాస్టారు ఆవేశంలో సెక్రటరీ భార్య మెళ్ళోంచి టేపు లాక్కున్నాడు. "అమ్మా, ఒక్క క్షణం!" అని తోక కొలవబోతే, "అలాక్కాదు మాస్టారూ, వంపు దగ్గర టేపు నిలబెట్టి తిప్పాలి, మెడ కొలత తీసినట్టు" అని ఆవిడే లాక్కుని కొలిచింది.

లైబ్రేరియన్ కాసేపు చేతులు కట్టుకుని నిలబడింది. తరవాత కట్టుకున్న చేతులు విప్పింది. తరవాత కళ్ళజోడు తుడుచుకుంది. "నన్నడిగితే నీటి విమానమే. ఆ కింది వంపు నీళ్ళకోసం కాకపోతే మరెందుకు?"

"అలా చెప్పండి మేడం!" అన్నాడు పళ్ళ డాక్టరు, ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి.

అద్దాలాయన మాత్రం ఫొటోకి వీపు పెట్టి నిలబడి మనుషుల్నే చూస్తున్నాడు. కళ్ళు పరీక్షించేవాడు బోర్డు కేసి చూడడు, ఎదుటివాడి మొహం కేసి చూస్తాడు. అలవాటు.

ఇంతలో బామ్మర్ది ఫోన్ మోగింది. వాడు చూసుకుని కెవ్వుమన్నాడు.

"తీశాడు! గుడ్డ తీశాడు!"

అందరూ ఫోన్ మీదికి వంగారు. బామ్మర్ది మొహం మెల్లగా వేలాడింది. "కొత్తది కాదు బావా. పాత కిట్టే. పెట్టె మార్చి, స్టిక్కర్లు మార్చి వేశాడు. నిఘా విమానం." ఆగి, ముందు బల్ల కేసి తిరిగాడు. "అదే... నీదే బావా."

అందరి చూపులూ అటు తిరిగాయి. గుమ్మానికి ముక్కు పెట్టి, గోడకి తోక పెట్టి, గదిలో ఉన్న ఒకే ఒక్క పూర్తి విమానం అమాయకంగా నిలబడి ఉంది.

"ఇన్నాళ్ళూ పక్కనే పెట్టుకుని మాట్లాడలేదేంటండీ?" అన్నాడు మాస్టారు కోపంగా. "వారం రోజుల లెక్క పాడుచేశారు!"

"నేను ఫొటో చూడలేదయ్యా!"

"ఊరందరికీ చూపు సరిచేస్తావు, నువ్వు మాత్రం చూడవు!" అంటూ బామ్మర్ది దాన్ని ఎత్తి ఫొటో పక్కన పెట్టి చూద్దామని తోక పట్టుకున్నాడు.

టక్.

తోక బామ్మర్ది చేతిలో, విమానం బల్ల మీద. ఏళ్ళ తరబడి అతికించినది. బామ్మర్ది మెల్లగా, తప్పు చేసిన మొహంతో, ఆ తోకని కూడా తీసుకెళ్ళి మిగతా తోకల వరసలో పెట్టాడు.

లైబ్రేరియన్ దగ్గరికెళ్ళి వంగి చూసింది. ఫొటో చూసింది. మళ్ళీ తోక చూసింది. "అబ్బే. నేనొప్పుకోను. ఈ వంపు అది కాదు. కంపెనీవాడే ఏదో పొరబడ్డాడు."

"నేనూ అదే అంటున్నా మేడం!" అన్నాడు డాక్టరు.

"సెక్రటరీగారూ, ఈ తోకలు ఇక్కణ్ణించి కదలడానికి వీల్లేదు. నేను రోజూ సాయంత్రం వస్తాను. ఇది తేలాలి." భార్య కేసి తిరిగి, "కుట్టు క్లాసుకి కింద పత్రికల గది ఇస్తానమ్మా" అంది.

గది దక్కింది. ఆ సాయంత్రం అద్దాలాయన తన కుర్చీలో కూర్చుని తోక అతికించుకుందామని వెళ్తే, కుర్చీలో ఆ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కిటికీ దగ్గర రవాణా వర్గం. బల్లల దగ్గర లైబ్రేరియన్, భూతద్దంతో. ఇంకొకామె ఆయన జిగురు సీసా మీద మోచెయ్యి ఆనించి వాదిస్తోంది. "సెక్రటరీగారూ, మీరు చెప్పండి, మొదటిదా, రెండోదా?" అని నలుగురు ఒకేసారి చెయ్యి పట్టుకుని లాగారు. ఏ మాట నుంచి పారిపోయి ఆ మేడ ఎక్కాడో, ఆ మాటే అక్కడ కాపురం పెట్టింది.

ఆయన విమానాన్ని ఒక చేత్తో, తోకని ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగి ఇంటికి నడిచాడు.

భార్య ఆయన రెండు చేతులూ చూసింది. లోపలికెళ్ళి, ఉప్పు డబ్బా తీసి పై అరలో పెట్టి, భోజనాల బల్ల మీద పాత పేపర్లు మందంగా పరిచింది.

"కూర్చోండి. మా తమ్ముడు చేసిన పాడుపని కదా, ఇవాళ్టికి పరవాలేదు. చుక్క కింద పడిందో చూడండి మరి!"

కూర్చున్నాడు. జిగురు మూత తీశాడు. ఎన్నేళ్ళయింది, ఇంత నిశ్శబ్దంగా! తోకని అంచుకి చేర్చి, ఊపిరి బిగపట్టి, మెల్లగా నొక్కి పట్టుకున్నాడు. ఆరేదాకా కదలకూడదు.

భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో ఫోన్. చాలాసేపు దాన్నే చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. దూరంగా పెట్టి చూసింది.

"ఏమండీ."

"ఊఁ."

"కంపెనీవాడు ఇంకోటి వేశాడట. తమ్ముడు పంపాడు. మళ్ళీ గుడ్డ కప్పాడు. కింద ఇంత చక్రం కనపడుతోంది. వాడు ఫైటరంటాడు గానీ, ఫైటరుకి ఇంత లావు చక్రం ఎక్కడైనా ఉంటుందా? ఒక్కసారి చూసి చెప్పండి."

రెండు చేతులూ తోకకి అంకితమై ఉన్నాయి. ఆయన తల వంచి, భుజంతో రుద్ది, కళ్ళజోడుని ముక్కు మీంచి ఒళ్ళోకి జారవిడిచాడు. ఎదురుగా భార్యా, ఫోనూ, గోడా అన్నీ కలిసి ఒకే మసకగా మారాయి.

"చూడండీ! ఫైటరా, రవాణానా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయే," అన్నాడు.