తలుపు లేని రాకెట్లు

గురువారం పొద్దున రాకెట్ వెళ్ళిపోయేదాకా ఆ వీధిలో ఎవరూ బట్టలు ఆరేసేవారు కాదు. ఒరిసాబాలో అసలే ఎండ తక్కువ. వాన అనడానికి వీల్లేని సన్నటి తుంపర ఒకటి, అక్కడివాళ్ళు చిపిచిపి అంటారు దాన్ని, పట్టుకుందంటే వారాల తరబడి వదలదు. ఉతికినవి ఆరడమే గగనమైతే, ఆరినవాటి మీద మసి పడితే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? అందుకని ఆడవాళ్ళు తడిబట్టల బుట్టలు చంకన పెట్టుకుని సినిమా హాలు పక్కగోడ వైపు చూస్తూ నిలబడేవారు. రొట్టెల కొట్టు తెరిచే వేళకి గోడమీది రాకెట్ గొంతు సవరించుకున్నట్టు కాస్త దగ్గి, నాలుగు సున్నం పెచ్చులు రాల్చి, గోడ వదిలి పైకి లేచేది. అది మబ్బుల్లో దూరాక "హమ్మయ్య, పోయింది" అనుకుని తీగల మీద బట్టలు పరిచేవారు.

ఆ రాకెట్లు వేసేది నికానోర్. యాభై దాటిన ఒంటిమనిషి. చొక్కా మీద ఉన్నన్ని రంగులు మాటల్లో ఉండేవి కావు. లుసెరో సినిమా హాలుకి కొత్త బొమ్మ శుక్రవారం సాయంత్రం పడుతుంది. రీళ్ళ పెట్టెలు రాజధాని నుంచి శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి గానీ దిగవు. గోడమీద బొమ్మ మాత్రం గురువారమే తయారవ్వాలి. అంచేత ఏ సినిమానీ చూసి వేసే యోగం నికానోర్‌కి పట్టలేదు. హాలు యజమాని దొన్ అనసెతో ఫోన్‌లో విన్న పేరు చెప్పేవాడు, ఆ పేరు పట్టుకుని నికానోర్ నిచ్చెన ఎక్కేవాడు.

పేరు ఏదైనా రాకెట్ ఉండాల్సిందే. చిన్నప్పుడు అతను కూడబెట్టుకున్న బొమ్మల పత్రికల నిండా అవే ఉండేవి: వెండి రాకెట్లు, నీళ్ళ బాయిలర్‌కి కాళ్ళు మొలిచినట్టుండే మరమనుషులు, గాజుబుడ్డి తలకి తగిలించుకుని తుపాకీలోంచి ఆకుపచ్చ కిరణాలు వదిలే వీరులు. ఒకసారి పల్లెటూరి పంతులమ్మ కథ వచ్చింది. నికానోర్ నల్లబల్ల వేశాడు, పంతులమ్మని వేశాడు, కిటికీ అవతల ఆకాశంలోకి దూసుకుపోతున్న రాకెట్‌ని వేశాడు. జనం ఆఖరి రీలు దాకా రాకెట్ కోసం ఎదురుచూసి, బయటికొచ్చి, గోడమీద దాన్ని చూసుకుని తృప్తిగా ఇళ్ళకి పోయారు. డబ్బులు వెనక్కి ఇమ్మన్నవాడు ఒక్కడు లేడు.

మొహాలు మాత్రం ఊరివాళ్ళవే. మాంసం కొట్టు తెయోఫిలో రెండుసార్లు అంగారక చక్రవర్తి అయ్యాడు. మంగలి రూపెర్తో ఛాతీ నిండా మీటలతో మరమనిషి అయ్యాడు. గోడ ఎక్కినవాళ్ళకి ఆ వారం ఒక ఆట ఉచితం, అది హాలు ఆనవాయితీ. అందుకే బుధవారం అయ్యేసరికి మగవాళ్ళు గడ్డం గీసుకుని మరీ నికానోర్ ఇంటి ముందు అవసరం లేని పనులు కల్పించుకుని తిరిగేవారు. చక్రవర్తులనీ మరమనుషులనీ గురువారం సున్నంతో కొట్టెయ్యాల్సి వచ్చేది. వాటంతటవే వెళ్ళేవి రాకెట్లు మాత్రమే, వాటి మీద సున్నం నిలిచేది కాదు.

ఆ రాకెట్లకి రెక్కలుండేవి, కొమ్ములుండేవి, తోకకింద ఎర్రటి మంట ఉండేది. ఆ మంట దగ్గర వారమంతా వెచ్చగా ఉంటుందని దోన్యా చోలె తన తమాలెల కుండ, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలవి, అక్కడే పెట్టుకుని అమ్ముకునేది. ముందువైపు గుండ్రటి కిటికీ ఉండేది. తలుపు మాత్రం ఉండేది కాదు. ఎందుకంటే ఆ పాత పత్రికలన్నీ ఒరిసాబా తేమకి కింది సగం కుళ్ళిపోయాయి. తలుపు ఉండాల్సిన చోట బూజు తప్ప నికానోర్ ఏనాడూ ఏమీ చూడలేదు.

"మరి లోపలికి ఎట్లా ఎక్కుతారయ్యా?" అని దోన్యా చోలె ఆటపట్టించేది.

"ఎక్కేశారుగా, కిటికీలో కనబడటం లేదూ?" అనేవాడు.

కిటికీలో కనబడేది ఎర్మెలిందా. హాల్లో టిక్కెట్లు ఇచ్చే మనిషి. ఊళ్ళో అందరి మొహాలూ వంతులవారీగా గోడ ఎక్కి దిగుతుంటే, కిటికీలో మొహం మాత్రం ఏళ్ళ తరబడి మారలేదు. గాజుబుడ్డి లోపల ఒక్క వెంట్రుక చెదరకుండా, నిజంగా ఆమె ఎప్పుడూ నవ్వనంత ధైర్యంగా నవ్వుతూ ఉండేది. ప్రతి గురువారం ఆ నవ్వు మబ్బుల్లోకి పోయేది, ఆమె మాత్రం టిక్కెట్ల గదిలో మెత్త సర్దుకుని కూర్చునేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఎప్పుడూ నేనే ఎందుకండీ?"

"మీ మొహానికి చెయ్యి అలవాటు పడిపోయింది" అన్నాడు నికానోర్, కుంచె కడుక్కుంటూ.

"అలవాటా" అంది ఎర్మెలిందా. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంకేదైనా అంటాడేమోనని కాసేపు ఆగింది. అతను కుంచె ఎంతకీ కడగడం మానలేదు. "సరే, ఎక్కించారు బానే ఉంది. నాకు దిగాలనిపిస్తే? తలుపు కూడా లేదాయె" అని నవ్వి లోపలికి పోయింది. అతను నవ్వలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఎర్మెలిందాకి నలభై దాటాయి. అక్క కసిల్దా, అక్క మొగుడు, పిల్లల మధ్య ఒక మూలగదిలో ఉండేది. వాళ్ళు ఏమీ అనేవారు కాదు, కానీ ఆమె ఉన్న గది అక్క పెద్దకూతురికి కావాలని ఇంట్లో అందరికీ తెలుసు. చివరికి కసిల్దాయే సంబంధం తెచ్చింది. ప్వెబ్లాలో పింగాణీ కొట్టున్న దొన్ ఫౌస్తో, పెళ్ళాం పోయినవాడు. ఒక ఆదివారం కాగితంలో చుట్టిన ఆరు పళ్ళేలు పట్టుకొచ్చి, మర్యాదగా కూర్చుని, మర్యాదగా కాఫీ తాగి వెళ్ళాడు. ఎర్మెలిందాకి పళ్ళేలు బాగా నచ్చాయి. మనిషి గురించి చెప్పుకోడానికి ఏమీ గుర్తులేదు. అయినా ఒప్పుకుంది. అడిగినవాడు అతనొక్కడే మరి.

ఆ సంగతి నికానోర్‌కి తనే చెప్పింది, ఒక బుధవారం సాయంత్రం, టిక్కెట్ల గది కిటికీలోంచి.

"వచ్చే గురువారం పది గంటల బస్సుకి ప్వెబ్లా వెళ్తున్నానండీ. ఆ ఆదివారమే పెళ్ళి."

నికానోర్ టోపీ తీసి, నీళ్ళు దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ప్వెబ్లాలో ఎండ బాగా కాస్తుందంటారు" అన్నాడు.

"అంటారు."

ఇంకొక్క మాట అంటే చాలు, ఏదైనా సరే అనుకుంది ఎర్మెలిందా. అతను వెళ్ళిపోయాడు. వెనక వరుసకి నాలుగు టిక్కెట్లు అడిగిన కుర్రాళ్ళకి ఆమె ముందు వరుసవి చింపి ఇచ్చింది.

మర్నాడు సాయంత్రం కొత్త రాకెట్ చూడ్డానికి గోడ దగ్గరికి వెళ్ళింది. ఎప్పటిలాగే వెండిరంగు, ఎర్ర రెక్కలు, కింద మంట. కిటికీ మాత్రం ఖాళీ. లోపల నల్లటి చీకటి వేసి వదిలేశాడు. అది చూశాక ఆ రాకెట్ పక్కన, రెక్క కింద, ఇంకేం వేశాడో చూడబుద్ధి కాలేదు ఆమెకి. నేను ఊరు దాటకముందే చెరిపేశాడు కదా అనుకుంది. ఆ వారమంతా గోడవైపు తల తిప్పకుండా వచ్చింది, తల తిప్పకుండా పోయింది.

ఆ గురువారం రాకెట్ కదల్లేదు.

రొట్టెల కొట్టు తెరిచారు, రొట్టెలు అమ్ముడుపోయాయి కూడా. రాకెట్ రెండుసార్లు దగ్గింది, అంతే. బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు. దొన్ అనసెతో బయటికొచ్చి గడియారం చూసుకుంటూ గోడముందు పచార్లు మొదలుపెట్టాడు.

"ఇది పోకపోతే కొత్త బొమ్మ ఎక్కడ వేస్తావోయ్? నా నెత్తిన వేస్తావా?"

"చోటు సరిపోదండి" అన్నాడు నికానోర్. సున్నం బాల్చీ పక్కన పెట్టి, నిచ్చెనకి ఆనుకుని నిలబడ్డాడు. మొహం చూస్తే రాత్రి పడుకున్నట్టు లేదు.

"మనిషి లేదు దాంట్లో" అంది దోన్యా చోలె, కుండమీద మూత సర్దుతూ. "ఇన్నేళ్ళూ ఆ పిల్ల ఉంటే పోయేది. ఖాళీగా ఎందుకు పోతుంది? దానికి మాత్రం దిగులుండదూ?"

ఆవిడ చెప్పింది సబబుగానే తోచింది అందరికీ.

ఎర్మెలిందా, కసిల్దా బస్సు కోసం వచ్చేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. బస్సు ఆగేది హాలు ముందే. ఎర్మెలిందా చేతిలో గోధుమరంగు పెట్టె, అందులో కసిల్దా కుట్టించిన పెళ్ళిగౌను, దొన్ ఫౌస్తో ఇచ్చిన ఆరు పళ్ళేల్లో రెండు. రాకెట్ ఇంకా గోడమీదే ఉండటం చూసి ఎర్మెలిందా ఆగిపోయింది.

"పద, బస్సు వచ్చేస్తుంది" అంది కసిల్దా.

"రానీ అక్కా. ఒక్క నిమిషం."

తిన్నగా నికానోర్ దగ్గరికి వెళ్ళింది. ఇంక పోయేదేముంది అనిపించింది ఆమెకి. వారమంతా మింగినది బయటికొచ్చింది.

"నన్ను ఎందుకు తీసేశారు?"

"తియ్యలేదు. వెయ్యలేకపోయాను."

"చెయ్యి అలవాటు పడిందన్నారుగా."

"అది అబద్ధం" అన్నాడు నికానోర్. ఇన్నేళ్ళలో అంత పెద్ద మాట అతని నోట ఎవరూ వినలేదు. "మీ మొహం ఎన్నిసార్లు వేసినా మొదటిసారి వేసినట్టే ఉండేది. అలవాటని ఏదో అనేశాను, మీరు లోపలికి వెళ్ళిపోయారు, నాకు మళ్ళీ మాట దొరకలేదు. మొన్న మీరు లేని కిటికీ ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. రేపట్నుంచి అదేగా చూడాలి."

"ఎలా ఉంది?"

"బాలేదు."

దోన్యా చోలె గరిట చప్పుడు కాకుండా కుండమీద పెట్టింది.

అప్పుడు చూసింది ఎర్మెలిందా, రెక్క కింద, ఎర్రటి చారకీ మంటకీ మధ్య, కాస్త వంకరగా ఉన్న తలుపుని. కొత్తగా నేర్చుకున్న చేతితో వేసిన తలుపు. ఒక వైపు పొట్టి, ఒక వైపు పొడుగు. బందులు తప్పు వైపు ఉన్నాయి. పిడి మాత్రం శ్రద్ధగా వేశాడు, ఆమె టిక్కెట్ల గది తలుపుకున్న ఇత్తడి పిడి, నొక్కులతో సహా.

"ఇదేమిటి?"

"మీరు ఒకసారి అడిగారు, దిగాలంటే ఎలాగని."

"అడిగి ఎన్నాళ్ళయింది!"

"రాకెట్‌కి తలుపు ఎలా వెయ్యాలో నాకు తెలీదు" అన్నాడు నికానోర్. "ఎక్కడా చూళ్ళేదు కదా. ఇంట్లో కాగితాలు చాలా పాడుచేశాను. ఇప్పటికి కుదిరింది. మీరు దిగి ఎక్కడికి వెళ్ళాలనుకుంటే అక్కడికి వెళ్ళొచ్చు. ప్వెబ్లాకైనా సరే. నేను కిటికీలో పెట్టి మూసేసినట్టు ఉండకూడదని."

మూలమలుపులో బస్సు హారన్ మోగింది. కసిల్దా చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది. ఎర్మెలిందా చెయ్యి విడిపించుకుని ఇత్తడి పిడి తిప్పింది. తడి సున్నం వాసనతో తలుపు తెరుచుకుంది. లోపల ఒక్కటే కుర్చీ ఉంది, దాని మీద ఒక మెత్త. ఆ కుర్చీ వంక ఆమె చాలాసేపు చూసింది. బస్సు వచ్చి ఆగింది. దానివైపు కూడా చూసింది. తర్వాత పెట్టె ఎత్తి, జాగ్రత్తగా, లోపల పళ్ళేలున్నాయి కనుక ఇంకా జాగ్రత్తగా, కుర్చీలో కూర్చోబెట్టింది. ఆట మొదలయ్యే ముందు ఎన్నో ఏళ్ళుగా హాలు తలుపులు వేసిన మనిషి కనక, ఈ తలుపు కూడా అలాగే వేసింది, చప్పుడు కాకుండా, చివర్లో తుంటితో చిన్నగా నెట్టి.

రాకెట్ దగ్గింది. పెచ్చులు రాలాయి. అందరూ ఓ అడుగు వెనక్కి వేశారు. అది గోడ వదిలి, హాలు కప్పు దాటి, చిపిచిపిలోకి లేచి, మబ్బుల్లో కలిసిపోయింది.

"నా గౌను!" అంది కసిల్దా. తర్వాత చెల్లెలి మొహం చూసి, ఆమె శాలువా మీద రాలిన పెచ్చులు దులిపింది. కూతురి గది సంగతి ఆ క్షణానికి ఆవిడకి గుర్తు రాలేదు, అది ఆవిడ మంచితనం.

"ఎక్కుతున్నారా లేదా?" అని బస్సులోంచి కండక్టరు అరిచాడు.

"లేదు నాయనా. దొన్ ఫౌస్తోకి టెలిగ్రాం ఇస్తాను. నాలుగు పళ్ళేలు తిరిగి పంపిస్తాను. రెండు మాత్రం దారిలో పోయాయి."

బస్సు వెళ్ళింది. ఆడవాళ్ళు బట్టలు ఆరేసుకోడానికి పరుగెత్తారు. దొన్ అనసెతో గోడ ఖాళీ అయినందుకు దేవుడికి దండం పెట్టుకుని లోపలికి పోయాడు. ఎర్మెలిందా కొంగు బిగించినట్టు శాలువా బిగించి ముడేసి, నిచ్చెన కింద నిలబడి రెండు చేతులా పట్టుకుంది. అది ఎప్పుడూ ఊగే నిచ్చెనే. ఇన్నేళ్ళూ పట్టుకునేవాళ్ళు లేక అతను ఒక చేత్తో గోడ పట్టుకుని వేసేవాడు.

"ఎక్కు" అంది. "ఈ వారం ఏం సినిమా?"

"పేరింకా రాలేదు."

"అయితే రాకెట్ వెయ్యి."

"తలుపుతోనా?"

"తలుపుతో. కిటికీ కూడా కాస్త పెద్దది వెయ్యి. అందులో ఇద్దరు పట్టాలి."

సాయంత్రానికి రాకెట్ తయారైంది. దోన్యా చోలె కుండ తెచ్చి మంట దగ్గర పెట్టుకుంది. కిటికీలో ఎర్మెలిందా ఎప్పటికన్నా బాగా కుదిరింది. పక్కనున్న మనిషే తేడా వచ్చాడు. తన మొహం ఎన్నడూ వేసుకోని నికానోర్ చెవులు మరీ పెద్దవి వేసుకున్నాడు, అవి గాజుబుడ్డిలో పట్టడం లేదు. దిద్దుతానని నిచ్చెన ఎక్కబోతే ఎర్మెలిందా వద్దంది. అలాగే ఉండనీ, ఆ చెవులు చూసైనా నిన్ను ఎవరైనా గుర్తుపట్టాలి కదా అని నిచ్చెన తీసి లోపల పెట్టేసింది.