ముందే రాసిన చివరి వాక్యం

జనగామ గోవర్ధన్ సారుకు ఒక పాడు అలవాటు. ఏ పుస్తకమైనా చివరి వాక్యంతోనే మొదలుపెడతాడు. ఆయన రాసేవన్నీ యంత్రాలు కనిపెట్టిన మహానుభావుల జీవిత చరిత్రలు. ఆవిరితో బండి నడిపినవాళ్లు, గాలిలో విమానం ఎగరేసినవాళ్లు, అందరూ ఎప్పుడో పోయినవాళ్లే. అలాంటివాళ్ల కథ చావుతో మొదలుపెట్టినా అడిగే దిక్కు లేదు. పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు రాసి, జిల్లాలోని బళ్ల బీరువాలన్నీ నింపాడు. చివరి వాక్యం దొరికితే పుస్తకం దొరికినట్టేనని గొప్పలు పోయేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని భార్య దెప్పితే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

ఎందుకంటే ఈసారి ఆయన బతికున్నవాడి కథ రాశాడు. ఆ మనిషి ఐలయ్య, టేకుమట్ల బడిలో పక్కన కూర్చున్న చిన్ననాటి స్నేహితుడు. ఐలయ్యకు చదువు అంటలేదు కానీ చేతికి ఇనుము లొంగింది. భూపాలపల్లిలో షెడ్డు పెట్టుకుని, బోరుబావిలో జారిపడ్డ మోటారును పట్టి పైకి లాగే పరికరం ఒకటి సొంతంగా తయారుచేశాడు. రైతులు వెతుక్కుంటూ వచ్చారు, పేపర్లవాళ్లు మాత్రం రాలేదు. సముద్రాల అవతలివాళ్లకు ఇన్ని పుస్తకాలు రాశాను, నావాడికి ఒక్కటి రాయనా అని గోవర్ధన్‌కు కడుపు మండింది.

అంతలో ఐలయ్య మంచం పట్టాడు. హన్మకొండ డాక్టర్లు పెదవి విరిచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ కబురు విన్నరోజే గోవర్ధన్ ఏడుస్తూ తన అలవాటు ప్రకారం ముగింపు రాసుకున్నాడు. "తెలంగాణ వచ్చిన పొద్దును చూడకుండానే ఐలయ్య కన్నుమూశాడు." ఆ వెనకే మిగతా పుస్తకమంతా ఒక్క బిగిన రాసి, మహబూబాబాద్‌లో ప్రెస్సు నడిపే అమర్‌సింగ్‌కు పంపాడు.

తీరా చూస్తే ఐలయ్య లేచి కూర్చున్నాడు. జావ తాగుతున్నాడు. ఇలాగే తింటూ ఉంటే గండం గట్టెక్కుతాడని ఆ డాక్టర్లే మాట మార్చారు. గోవర్ధన్ సంబరపడి కొత్త చివరి పేజీ రాసి, పాతది తీసెయ్యమని చెప్పడానికి అమర్‌సింగ్‌కు ఫోన్ చేశాడు. అమర్‌సింగ్ మంచివాడు. తంటాలన్నీ మంచివాళ్లతోనే వస్తాయి. తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెకు ప్రెస్సు మూసేలోపే పుస్తకం అచ్చేసి, మొదటి ప్రతిని భూపాలపల్లి పోయే లారీలో పంపేశాడట. "పెద్దమనిషి పానం ఉండంగనే చూసుకుంటడని పంపిన, సార్" అన్నాడు.

ఐలయ్యకు చదవరాకపోయినా కూతురు లత ఉంది, పుస్తకం చేతికందితే అక్షరం వదలకుండా చదివి వినిపిస్తుంది. చదవొద్దని గోవర్ధన్ చెబుదామంటే ఫోన్ కలవలేదు. బొగ్గు గనులు ఆగి, కరెంటు పోయి, ఆ ఇంట్లో ఫోన్ మూగబోయింది. బస్సులు డిపో దాటడం లేదు. రైళ్లు పట్టాల మీద కూర్చున్న జనం ముందు నిలిచిపోయాయి. తానూ శిబిరంలో కూర్చుని జై కొట్టిన సమ్మే అది. ఆ రోజు దాన్ని నోరారా తిట్టుకున్నాడు.

పాల వ్యానులో హన్మకొండ చేరాడు. ఎవరివో కాళ్లావేళ్లా పడి మోటారు సైకిలు మీద పరకాల దాటాడు. ఆ పైన రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి జనం వంటావార్పు చేస్తున్నారు. పోనిమ్మని బతిమాలితే కూర్చోబెట్టి అన్నం పెట్టారు. తినకపోతే ఉద్యమద్రోహి అంటారని రెండు ముద్దలు కుక్కుకున్నాడు. లత ఇంకా ఆ పేజీ దాకా రాకూడదని వేయి దేవుళ్లకు మొక్కాడు.

భూపాలపల్లి చేరేసరికి ఐలయ్య భార్య చిలుకమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"నిన్నటి సంది జావ ముడుతలేడన్నా" అంది.

లోపల లత గోడకానుకుని ఏడుస్తోంది. ఐలయ్య మాత్రం పుస్తకాన్ని రొమ్ము మీద పెట్టుకుని హాయిగా పడుకున్నాడు. గోవర్ధన్ చేతులు జోడించాడు. తప్పయిందని, ఆ పేజీ చింపేస్తానని, సరైనది తెచ్చానని ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఐలయ్య పుస్తకం వదల్లేదు.

"చింపకురా గోవర్ధనా. అరవై తొమ్మిదిల లాఠీదెబ్బ తిన్న సంది ఎదురుజూస్తున్న. తెలంగాణ వస్తదని ఒక్కడన్న అచ్చేసి ఇచ్చిండా? నువ్విచ్చినవ్. నేను పోయినంక వస్తదని ఉన్నది. నన్ను పోనియ్, దాన్ని రానియ్."

"అది నేను కల్పించిన" అన్నాడు గోవర్ధన్.

"ఏది కల్పించినవ్? నా సావా, తెలంగాణనా?"

రెండూ అనాలి. రెండో మాట అనకుండా కొత్త పేజీ తీసి చదివాడు. ఐలయ్య మళ్లీ షెడ్డుకు పోతున్నాడనీ, అందరితోపాటు తెలంగాణ కోసం ఎదురుచూస్తున్నాడనీ అందులో ఉంది. ఐలయ్య తల అడ్డంగా ఊపాడు. ఎదురుచూపు తనకు తెలిసిందేననీ, దానికి పుస్తకమెందుకనీ అన్నాడు.

చిలుకమ్మ గోవర్ధన్ చెయ్యి పట్టుకుంది. "అన్నా, తెలంగాణ వచ్చిననాడు నా మనిషి గూడ ఉన్నడని రాయరాదా" అంది.

ఆయన ఆత్రంగా కలం తీసి, అక్కడే నిలబడి రాశాడు. తెలంగాణ వచ్చిన పొద్దును ఐలయ్య కళ్లారా చూశాడు. చదివి వినిపించాడు. ఐలయ్య ఆ మాటల్ని తానూ ఒకసారి పైకి అని చూసుకున్నాడు.

"మంచిగున్నది. గని చేతిరాత ఎవడన్న రాస్తడు. అచ్చేపించుకరా. గప్పుడు జావ తాగుత."

గోవర్ధన్ కాగితం పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. ప్రెస్సు మూసి ఉంది. తెరిచినా కరెంటు లేదు. బొగ్గు పైకి రానిదే కరెంటు రాదు. ఎదురుగా టెంటు కింద గని కార్మికులు దీక్షలో కూర్చున్నారు. సమ్మె ఎప్పుడు అయిపోతుందని వాళ్లలో పెద్దవాణ్ణి అడిగాడు.

"తెలంగాణ వచ్చినంక, సార్" అన్నాడతను. ఆయన మొహం చూసి, కొంచెం జరిగి, కూర్చోమని చోటిచ్చాడు.